అమ్మమ్మ మందుల కవరు, నా ఫార్మకాలజీ పరీక్ష

చిట్టి_సిస్టర్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ నాలుగో సెమిస్టర్. వచ్చే నెల ఫార్మకాలజీ పరీక్ష, వెనకాలే వైవా. పుస్తకం తెరిస్తే అబ్జార్ప్షన్ (మందు రక్తంలోకి ఎక్కడం), డిస్ట్రిబ్యూషన్ (ఒళ్లంతా పరుచుకోవడం), మెటబాలిజం (ఒంట్లో విరగడం), ఎక్స్‌క్రీషన్ (బయటికి పోవడం) అని నాలుగు మాటలు కనిపిస్తాయి. మూస్తే ఒక్కటీ ఉండదు. "వృద్ధులకు మందుల డోసు ఎందుకు తగ్గించాలి?" అన్న ప్రశ్నకి ఇంటర్నల్స్‌లో "వయసు వల్ల అవయవాల పనితీరు తగ్గుతుంది కాబట్టి" అని రాశాను. 5కి 1 వేశారు.

ఆదివారం ఊరెళ్లాను. మా అమ్మమ్మకి 78 ఏళ్లు, 45 కిలోలు. ఈ రెండు నెలల్లో తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్తూ రెండుసార్లు పడింది. పొద్దున్నే లేచాక కాసేపు మనుషుల్ని గుర్తుపట్టదట, టిఫిన్ తిన్నాక మామూలుగానే ఉంటుందట. అందరూ "వయసైపోయింది, మతిమరుపు" అంటున్నారు. తన మందుల కవరు మంచం మీద బోర్లించి చూస్తే ఇవి ఉన్నాయి: బీపీకి ఆమ్లోడిపిన్ 10, టెల్మిసార్టాన్ 40, షుగర్‌కి గ్లిబెన్‌క్లమైడ్ 5 రెండు పూటలా, మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, నీటి బిళ్ల ఫ్యూరోసెమైడ్ 40 సాయంత్రం, గ్యాస్‌కి పాంటోప్రజోల్, మోకాళ్లకి డైక్లోఫెనాక్ 50 (ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చారు), నిద్రకి ఆల్ప్రజోలమ్ 0.5, జలుబుకి క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న బిళ్ల. మొత్తం తొమ్మిది. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.1, రిపోర్టులో నార్మల్ అనే ఉంది.

ఒకటి పరీక్ష గొడవ, ఒకటి ఇంటి గొడవ. రెండూ ఒకే చోట అడుగుతున్నందుకు తిట్టకండి.

---

ర్యాంకు_పక్కా | సోమవారం, రాత్రి 10:02

ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి ప్లీజ్.

---

టీచరమ్మ | సోమవారం, రాత్రి 10:55

చిట్టీ, తిట్టడమెందుకు తల్లీ, నీ రెండు ప్రశ్నలూ ఒకటే. ఆ కవరు పక్కన పెట్టుకుని చదువు, పుస్తకం అదే గుర్తుంటుంది. నేను పాఠం చెప్పబట్టి 19 ఏళ్లు. ఈ చాప్టర్‌ని పిల్లలు కంఠస్థం పట్టడం చూసి విసుగొచ్చింది.

అబ్జార్ప్షన్ దగ్గర ఎక్కువ సేపు ఆగొద్దు. వయసుతో పేగుల కదలిక నెమ్మదిస్తుంది, మందు కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది, కానీ చాలా మందుల విషయంలో మొత్తం ఎక్కేది పెద్దగా మారదు. పిల్లలంతా ఇక్కడే రెండు పేజీలు రాసి టైమ్ అయిపోగొట్టుకుంటారు.

డిస్ట్రిబ్యూషన్ చూడు. పెద్దవాళ్ల ఒంట్లో నీరు తగ్గుతుంది, కండ తగ్గుతుంది, కొవ్వు పాలు పెరుగుతుంది. చెంబెడు మజ్జిగలో వేసే ఉప్పు గ్లాసుడు మజ్జిగలో వేస్తే ఏమవుతుంది? నీటిలో కరిగే మందులు, అంటే గుండెకిచ్చే డిగాక్సిన్, మానసిక వైద్యంలో వాడే లిథియం లాంటివి, అదే డోసుకి రక్తంలో చిక్కబడతాయి. కొవ్వులో కరిగేవాటిది ఇంకో రకం తిప్పలు. అవి కొవ్వులోకి చేరి, మెల్లమెల్లగా బయటికొస్తుంటాయి. మత్తు మందు డయజెపామ్ హాఫ్ లైఫ్ (రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం) 20 ఏళ్ల కుర్రాడిలో సుమారు 20 గంటలైతే 80 ఏళ్ల పెద్దాయనలో 90 గంటల దాకా పోతుంది. మందు ఒంట్లో ఒక స్థాయికి కుదురుకోవడానికి నాలుగైదు హాఫ్ లైఫ్‌లు పడుతుందని చదివావు కదా, లెక్కేసుకో. "రెండు రోజులు వేసినా ఏం కాలేదండీ" అన్న ముసలాయన పదిహేనో రోజున తూలి పడతాడు.

మందుని పట్టుకుని ఉంచే రక్తంలోని ప్రోటీన్, ఆల్బుమిన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పల్లెవెలుగు బస్సు అనుకో. సీట్లు ఆల్బుమిన్, ప్రయాణికులు మందు. సీట్లో కూర్చున్నవాళ్లు ఏ పనీ చెయ్యరు, నిలబడినవాళ్లే పని చేస్తారు. సరిగ్గా తినని పెద్దవాళ్లలో, జబ్బుపడ్డవాళ్లలో సీట్లు తగ్గిపోతాయి. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ లాంటి మందు ఎక్కిందనుకో, నిలబడేవాళ్లు పెరుగుతారు. ల్యాబ్‌లో మొత్తం ఫెనిటాయిన్ నార్మల్‌గా కనిపిస్తూనే పేషెంట్ తూలుతుంటాడు, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి.

మెటబాలిజంలో ఒక్క ముక్క గుర్తుంచుకో. లివర్ చేసే మొదటి దశ పని (ఆక్సిడేషన్ లాంటివి) వయసుతో మందగిస్తుంది, రెండో దశ (కాంజుగేషన్) చాలావరకు నిలబడుతుంది. అందుకే డయజెపామ్ కుటుంబంలోని లోరజెపామ్, ఆక్సజెపామ్, టెమజెపామ్ ముసలితనంలో మిగతావాటంత పేరుకుపోవు. మొదటి అక్షరాలు కలిపి "లాట్" అని మా రోజుల్లోనే గుర్తుపెట్టుకునేవాళ్లం. మీ అమ్మమ్మ వేసుకునే ఆల్ప్రజోలమ్ మొదటి దశ మీదే ఆధారపడుతుంది.

ఇక కిడ్నీ. అసలు మార్కులూ అక్కడే, అసలు ప్రమాదమూ అక్కడే. రేపు రాస్తాను, కళ్లు మూతలు పడుతున్నాయి. ఈలోపు ఒక పని చెయ్యి. రేపు తెల్లవారుజామున ఇంట్లో ఎవరి చేతనైనా అమ్మమ్మకి షుగర్ చూపించు. టిఫిన్ తిన్నాక కాదు, తినక ముందు, ఆ అయోమయంలో ఉన్నప్పుడు.

---

ర్యాంకు_పక్కా | మంగళవారం, ఉదయం 7:15

మేడమ్, క్రియాటినిన్ 1.1 అంటే నార్మల్ రేంజ్‌లోనే కదా. మరి కిడ్నీ బాగున్నట్టే, డోసు తగ్గించే పని లేదు. ఎంసీక్యూలో ఇలాగే పెట్టాను.

---

నైట్_డ్యూటీ | మంగళవారం, ఉదయం 7:50

@ర్యాంకు_పక్కా తప్పు పెట్టావు తమ్ముడూ. క్రియాటినిన్ వచ్చేది కండ నుంచి. 45 కిలోల ముసలావిడ ఒంట్లో కండెక్కడుంది? తయారయ్యేదే తక్కువ కాబట్టి కిడ్నీ సగం పనిచేసినా రిపోర్టులో అంకె అందంగానే కనిపిస్తుంది.

డ్యూటీ దిగుతున్నా, లెక్క టీచరమ్మ గారు చెబుతారు.

---

టీచరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతోందో అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క ఇది. 140లోంచి వయసు తీసెయ్యి, వచ్చినదాన్ని బరువుతో గుణించు, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించు. ఆడవాళ్లకైతే మళ్లీ 0.85తో గుణించు.

అమ్మమ్మకి: 140 – 78 = 62. 62 × 45 = 2790. 72 × 1.1 = 79.2. భాగిస్తే 35.2, దాన్ని 0.85తో గుణిస్తే 30 దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు అదే 1.1 క్రియాటినిన్ ఉన్న 20 ఏళ్ల, 55 కిలోల అమ్మాయికి వేసి చూడు. 71 వస్తుంది. రిపోర్టు కాగితం మీద ఇద్దరిదీ ఒకే అంకె. ఒకరి కిడ్నీ నిమిషానికి 71 మిల్లీలీటర్లు వడకడుతుంటే ఇంకొకరిది 30.

చెరువులోకి వచ్చే నీళ్లు వస్తూనే ఉన్నాయి, తూము సన్నబడింది. అంతే సంగతి. 40 ఏళ్లు దాటాక సుమారుగా ఏడాదికి ఒక మిల్లీలీటరు చొప్పున ఈ వడపోత తగ్గుతుందని చెబుతారు, అందరిలో ఒకేలా కాదు. కిడ్నీ ద్వారా పోయే డిగాక్సిన్, మెట్‌ఫార్మిన్, జెంటామైసిన్, ఎనాక్సాపరిన్ లాంటివి కనిపించగానే చెయ్యి ఒక్క క్షణం ఆగాలి. డిగాక్సిన్ ఇచ్చే ముందు అపెక్స్ (గుండె కొన) దగ్గర స్టెత్ పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టడం, 60 లోపుంటే ఇవ్వకుండా డాక్టర్‌కి చెప్పడం వైవాలో తప్పకుండా అడుగుతారు. అరనిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించేవాళ్లని నేను చాలామందిని చూశాను. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉన్న పేషెంట్‌లో అలా గుణిస్తే వచ్చేది పల్స్ కాదు, లాటరీ నంబర్.

---

మందుల_కొట్టు | మంగళవారం, సాయంత్రం 4:05

నేను ఫార్మసిస్ట్‌ని. ఆ కవరు మీద నా లెక్క వేరే ఉంది. తొమ్మిది మందుల్ని తొమ్మిది జబ్బులకి ఇచ్చారనుకుంటున్నారా? ఏది ముందొచ్చింది, ఏది వెనకొచ్చింది అని చీటీల మీద తారీఖులు చూసుకోండి.

నా ఊహ ఇది. ముందు ఆమ్లోడిపిన్ 5 ఉండి ఉంటుంది, దాన్ని 10 చేశారు. ఆమ్లోడిపిన్‌తో కాలి మడమల దగ్గర వాపు రావడం మామూలే, డోసు పెరిగే కొద్దీ ఎక్కువ. ఆ వాపు చూసి ఇంకెవరో "ఒంటికి నీరు పట్టింది" అని ఫ్యూరోసెమైడ్ రాశారు. ఆ వాపు ఒంట్లో నీరెక్కువై వచ్చింది కాదు, సన్న రక్తనాళాలు వెడల్పై నీరు బయటికి ఊరడం వల్ల వచ్చింది. నీటి బిళ్లతో అది సరిగ్గా తగ్గదు. ఆ బిళ్ల ప్రభావం ఆరు గంటల దాకా ఉంటుంది. సాయంత్రం వేసుకుంటే రాత్రంతా ఒంటేలుకి లేవాలి. నిద్ర పట్టడం లేదంది. ఆల్ప్రజోలమ్ ఇచ్చారు. ఆ మత్తులో చీకట్లో బాత్రూమ్‌కి నడిచింది. పడింది. దెబ్బకి నొప్పి, డైక్లోఫెనాక్. దానికి కడుపులో మంట, పాంటోప్రజోల్. ఒక మందు దుష్ప్రభావాన్ని కొత్త జబ్బు అనుకుని ఇంకో మందు రాసుకుంటూ పోవడాన్ని ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అంటారు.

ఇందులో ఇంకో ముప్పుంది. టెల్మిసార్టాన్, ఫ్యూరోసెమైడ్, డైక్లోఫెనాక్ ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నారు. కిడ్నీ వడపోతకి లోపలికి వచ్చే రక్తనాళాన్ని డైక్లోఫెనాక్ బిగిస్తుంది, బయటికి పోయే నాళాన్ని టెల్మిసార్టాన్ సడలిస్తుంది, ఉన్న నీటిని ఫ్యూరోసెమైడ్ తోడేస్తుంది. వడకట్టడానికి ఒత్తిడే మిగలదు. ఎండాకాలంలో రెండు విరేచనాలయితే చాలు, కిడ్నీ చేతులెత్తేస్తుంది.

సందర్భం కాకపోయినా చెబుతున్నా, మన ఊళ్లలో రాబందులు కనపడకుండా పోవడానికి కారణం ఇదే డైక్లోఫెనాక్. నొప్పులకని పశువులకి ఇచ్చేవారు, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. 2006లో పశువుల వాడకానికి నిషేధించారు. మనుషులకి మాత్రం కిరాణా కొట్టులో కూడా దొరుకుతోంది.

---

చిట్టి_సిస్టర్ | మంగళవారం, సాయంత్రం 6:30

సర్, మీరు మా ఇంట్లో కూర్చుని చూసినట్టు చెప్పారు. చీటీలు తీయించాను. ఆమ్లోడిపిన్ 10 అయింది నిరుడు ఏప్రిల్‌లో, ఫ్యూరోసెమైడ్ జూన్‌లో. నిద్ర బిళ్ల ఆగస్టులో. డైక్లోఫెనాక్ మాత్రం పడక ముందు నుంచే ఉంది, మూడేళ్లుగా వారానికి నాలుగైదు రోజులు వేసుకుంటోందట.

మేడమ్, తెల్లవారుజామున 5 గంటలకి మా మామయ్య షుగర్ చూశాడు. 54.

---

నైట్_డ్యూటీ | మంగళవారం, సాయంత్రం 6:38

వెంటనే ఏం ఇచ్చారు? మళ్లీ ఎప్పుడు చూశారు?

---

చిట్టి_సిస్టర్ | మంగళవారం, సాయంత్రం 6:45

మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చాడు అన్నా. పావుగంటకి 82. తర్వాత ఇడ్లీ పెట్టాడు. నన్ను గుర్తుపట్టి "ఎప్పుడొచ్చావే" అంది ఫోన్లో. నేను రాలేదు కూడా.

---

అన్నీ_మానెయ్యండి | మంగళవారం, రాత్రి 8:10

ఇంగ్లీషు మందులన్నీ ఇంతే. అన్నీ ఇవాళే ఆపేసి మెంతులు, కాకరకాయ రసం మొదలుపెట్టండి. మా పెదనాన్న అలాగే చేశాడు.

---

మందుల_కొట్టు | మంగళవారం, రాత్రి 8:25

అన్నీ ఒకేసారి ఆపే పని పొరపాటున కూడా చెయ్యకండి. నెలల తరబడి వాడిన ఆల్ప్రజోలమ్ హఠాత్తుగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, వణుకు, అయోమయం, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. బీటా బ్లాకర్లు (గుండెకి, బీపీకి ఇచ్చే ఒక రకం మందులు) ఠక్కున ఆపితే గుండెకి ప్రమాదం. నెలలపాటు స్టెరాయిడ్ వాడినవాళ్లు ఆపితే బీపీ కుప్పకూలుతుంది. ఎక్కేటప్పుడు ఎన్ని మెట్లో దిగేటప్పుడూ అన్ని మెట్లు.

కాకరకాయ రసం కూడా షుగర్ తగ్గించగలదు. గ్లిబెన్‌క్లమైడ్ మీద అది పోస్తే 54 కాస్తా ఇంకా కిందికి పోవచ్చు.

---

టీచరమ్మ | మంగళవారం, రాత్రి 9:30

మామయ్య చేసింది అచ్చం పాఠంలో ఉన్నట్టే ఉంది. 70 లోపు ఉంటే, మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే 15 గ్రాముల చక్కెర, 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, వార్డులో 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఐవీ.

చిట్టీ, రేపు పొద్దున్నే అమ్మమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమను. వాయిదా వద్దు. గ్లిబెన్‌క్లమైడ్ సంగతి తెలుసు కదా, ఎక్కువసేపు పనిచేస్తుంది, లివర్‌లో విరిగాక వచ్చే ముక్కలు కూడా షుగర్ తగ్గిస్తూనే ఉంటాయి, అవి పోవాల్సింది కిడ్నీ నుంచి. కిడ్నీ 30 దగ్గరుంది. రాత్రి ఆవిడ ఏం తింటుంది?

---

చిట్టి_సిస్టర్ | మంగళవారం, రాత్రి 9:41

షుగర్ అని రాత్రి అన్నం మానేసింది మేడమ్. ఒక పుల్కా, మజ్జిగ.

---

టీచరమ్మ | మంగళవారం, రాత్రి 9:52

అదీ విషయం. తిండి సగం చేసింది, బిళ్ల మాత్రం పూర్తిది. గ్లిబెన్‌క్లమైడ్ వల్ల పడిన షుగర్ ఒకసారి లేచాక మళ్లీ పడుతుంది. అందుకే అలాంటి పేషెంట్ వార్డుకొస్తే "82 వచ్చింది, ఇంటికెళ్లండి" అనరు, కనీసం ఒక రోజు కనిపెట్టుకుని ఉంటారు. ఈ రాత్రి బిళ్ల విషయం మామయ్య చేత ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేయించి అడగమను. రాత్రి రెండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి షుగర్ చూడమను.

పెద్దవాళ్లలో లో షుగర్ అంటే చెమటలు, వణుకు, ఆకలి అని ఎదురుచూడకు. చాలాసార్లు అయోమయం ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని మతిమరుపు అనుకుని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. బీటా బ్లాకర్ కూడా వాడుతుంటే గుండెదడ, వణుకు కనపడవు, చెమట మాత్రం పడుతుంది. ఇది ప్రశ్నగా వస్తుంది.

---

పల్లె_ఏఎన్‌ఎం | బుధవారం, ఉదయం 11:10

నేను ఏఎన్‌ఎంని, పుస్తకం సంగతి మీకే తెలుసు. మా పల్లెల్లో పెద్దవాళ్లకి మందు పేరంటే రంగే. "గులాబీ బిళ్ల", "కోలగా ఉండే తెల్ల బిళ్ల". ఆసుపత్రిలో ఇచ్చే స్ట్రిప్పు కంపెనీ మారితే రంగు మారుతుంది. వాళ్లు పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు. ఒక తాత టెల్మిసార్టాన్ మూడు కంపెనీలవి రోజూ మింగుతున్నాడు, సర్కారు దవాఖానలో ఇచ్చిందొకటి, టౌన్‌లో డాక్టర్ రాసిందొకటి, కొడుకు హైదరాబాద్ నుంచి తెచ్చిందొకటి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని నన్ను పిలిచారు. పడుకున్నప్పుడు పై బీపీ 130, నిలబడ్డాక రెండు నిమిషాలకి 100.

అందుకే నేను ఏం మందులు వాడుతున్నారు అని అడగను. "మీ ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ ఈ చేటలో పోయండి" అంటాను. పాత స్ట్రిప్పులు నా కళ్లముందే వేరు చేయిస్తాను.

---

టీచరమ్మ | బుధవారం, మధ్యాహ్నం 1:05

చేట పద్ధతి నేను క్లాసులో చెప్పుకుంటానండీ, అనుమతిస్తే. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడితే ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్. మీ తాతకి 30 పడింది.

---

నైట్_డ్యూటీ | గురువారం, తెల్లవారుజామున 3:15

వార్డు ప్రశాంతంగా ఉంది కాబట్టి నా అనుభవం ఒకటి. పదేళ్ల కిందట నేను చేరిన కొత్తలో, ఒక ఆసుపత్రిలో, పేరొద్దు. 70 ఏళ్ల పెద్దాయన, కాలి పుండుతో చేరాడు. "ఇన్సులిన్ ఎంత తీసుకుంటారు?" "30, రెండు పూటలా." కేస్ షీట్‌లో 30 యూనిట్లు రాశారు. నేను 30 ఇచ్చాను. అర్ధరాత్రికి షుగర్ 38, మనిషి పలకడం లేదు.

డెక్స్‌ట్రోజ్ ఎక్కించి ఆయన లేచాక, ఇంట్లో వాడే సిరంజి తెప్పించి చూశాం. నారింజ రంగు మూత. సీసా మాత్రం మిల్లీలీటరుకి 40 యూనిట్లది. అర్థమైందా? నారింజ మూత సిరంజి 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసింది. దాని మీద 30 గీత అంటే 0.3 మిల్లీలీటర్లు. 40 యూనిట్ల సీసా నుంచి 0.3 మిల్లీలీటర్లు తీస్తే వచ్చేది 12 యూనిట్లు. ఆయన ఇంట్లో తీసుకుంటున్నది 12, మేం 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసిన ఎర్రమూత సిరంజితో నిజంగా 30 ఇచ్చాం.

తిరగేస్తే ఇంకా ఘోరం. 100 యూనిట్ల సీసా నుంచి ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే 0.5 మిల్లీలీటర్లు, అంటే 50 యూనిట్లు. మన దేశంలో రెండు రకాల సీసాలూ, రెండు రకాల సిరంజిలూ దొరుకుతాయి. ఇప్పుడు ఎవరు ఇన్సులిన్ అన్నా "మీ సిరంజి, మీ సీసా చూపించండి" అంటాను. ఆ రాత్రి ఆయన భార్య నన్నేమీ అనలేదు, బాబూ నువ్వు కాసేపు కూర్చో అంది. అది ఇప్పటికీ గుర్తే.

---

ర్యాంకు_పక్కా | గురువారం, ఉదయం 8:00

అన్నా, పీడీఎఫ్ సంగతి వదిలేశాను. ఈ లెక్క నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కానీ మందుల పేర్లు గుర్తుండేదెలా?

---

మందుల_కొట్టు | గురువారం, ఉదయం 9:20

తోకలు పట్టుకో. ఓలాల్ అంటే బీటా బ్లాకర్, ప్రిల్ అంటే ఏసీఈ ఇన్హిబిటర్ (బీపీ మందు), సార్టాన్, డిపిన్ కూడా బీపీవే, స్టాటిన్ కొలెస్ట్రాల్‌కి, గ్లిప్టిన్ షుగర్‌కి. ప్రజోల్ అంటే గ్యాస్ బిళ్ల, కానీ ఆరిపిప్రజోల్ గ్యాస్ బిళ్ల కాదు, మానసిక వైద్యంలో వాడతారు. పరీక్ష పెట్టేవాళ్లకి అలాంటివే ఇష్టం.

తోక దొరకని మెథోట్రెక్సేట్‌ని మాత్రం విడిగా గుర్తుపెట్టుకో. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే. చీటీ సరిగ్గా చదవక రోజూ వేసుకుని ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాలు పోయినవాళ్లున్నారు. నేను స్ట్రిప్పు మీద మార్కర్‌తో "బుధవారం మాత్రమే" అని తెలుగులో రాసి ఇస్తాను.

---

కార్క్_అక్క | గురువారం, రాత్రి 11:40

ఐర్లాండ్‌లో వృద్ధుల వార్డులో పనిచేస్తున్నాను, మాది భీమవరం దగ్గర. ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. చిట్టీ, మీ సిలబస్‌లో బీర్స్ క్రైటీరియా అని ఉంటుంది. మార్క్ బీర్స్ అనే అమెరికా డాక్టర్ నర్సింగ్ హోముల్లో ఉండే వృద్ధులకి తగని మందుల జాబితా 1991లో తెచ్చారు. ఇప్పుడు దాన్ని అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ చూసుకుంటోంది, 2023లో కొత్త కూర్పు వచ్చింది. ఇక్కడ మేం స్టాప్/స్టార్ట్ అనేది వాడతాం. అది 2008లో ఈ కార్క్ నగరంలోనే పుట్టింది. ఒకటి ఆపాల్సినవి చెబుతుంది, ఇంకొకటి ఇవ్వాల్సి ఉండి ఇవ్వని మందుల్ని గుర్తుచేస్తుంది. ఆ రెండో సగం నాకు నచ్చుతుంది. ముసలివాళ్లు కదా అని మందులు తగ్గించడమే పని కాదు, ఎముక విరిగినా ఎవరూ బోలు ఎముకలకి మందు రాయని వాళ్లుంటారు.

కవరులో గ్లిబెన్‌క్లమైడ్, ఆల్ప్రజోలమ్, క్లోర్‌ఫెనిరమైన్, రోజూ డైక్లోఫెనాక్ అన్నీ బీర్స్ జాబితా సరుకే. పాంటోప్రజోల్ కూడా కారణం లేకుండా ఎనిమిది వారాలు దాటితే ప్రశ్నించమంటుంది. క్లోర్‌ఫెనిరమైన్‌ని జలుబు బిళ్లే కదా అని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది నరాల సందేశాలు మోసే ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకుంటుంది. నోరెండిపోవడం, మలబద్ధకం, ఒంటేలు ఆగిపోవడం, అయోమయం. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన తాతలు రాత్రికి రాత్రి కెథటర్ (ఒంటేలు గొట్టం) కోసం వచ్చేది చాలాసార్లు ఇలాంటి జలుబు మందు వల్లే.

ఇంకొకటి, గొట్టం ద్వారా తిండి పెట్టే పేషెంట్లకి బిళ్లలన్నీ కల్వంలో వేసి దంచే అలవాటు నాకు ఇండియాలో ఉండేది. మెల్లగా విడుదలయ్యే బిళ్ల దంచితే రోజంతటి మందు ఒక్కసారే పడుతుంది. పాంటోప్రజోల్ పైపూత పోతే కడుపులోని ఆమ్లంలోనే పాడైపోతుంది. ఇక్కడికొచ్చిన మొదటి వారంలోనే నా చేతిలోంచి కల్వం లాక్కున్నారు. సిగ్గేసింది, కానీ మంచిదైంది.

---

చిట్టి_సిస్టర్ | 23 రోజుల తర్వాత, శనివారం, సాయంత్రం 5:10

ఆలస్యానికి సారీ. పరీక్ష అయిపోయింది. వృద్ధుల ప్రశ్న వచ్చింది, బస్సు సీట్లు తప్ప అన్నీ రాశాను. వైవా వచ్చే మంగళవారం.

అమ్మమ్మ సంగతి. ఆ రాత్రే ఫోన్‌లో డాక్టర్ గారు గ్లిబెన్‌క్లమైడ్ ఆపమన్నారు. మర్నాడు తీసుకెళ్తే చీటీలన్నీ తారీఖుల వారీగా పేర్చి ఇచ్చాం. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 6.2 ఉంది. ఈ వయసులో, ఇలా పడిపోతున్న మనిషికి ఇంత తక్కువ అక్కర్లేదు, 8 లోపు ఉంటే చాలన్నారు. గ్లిబెన్‌క్లమైడ్ బదులు లినాగ్లిప్టిన్ 5, దానికి కిడ్నీ కోసం డోసు మార్చక్కర్లేదట. మెట్‌ఫార్మిన్ కిడ్నీ రిపోర్టు మళ్లీ చూసేదాకా రోజుకి ఒక్కటే. ఆమ్లోడిపిన్ 5కి దించారు, ఫ్యూరోసెమైడ్ ఆపారు. పది రోజుల్లో కాళ్ల వాపు మెట్టెలు వదులయ్యేంత తగ్గింది. డైక్లోఫెనాక్ ఆపి పారాసిటమాల్ 500, రోజుకి మూడు దాటకుండా. డైక్లోఫెనాక్‌తో పాటు పాంటోప్రజోల్ కూడా ఆపారు. మొన్న క్రియాటినిన్ 0.9 వచ్చింది. లెక్కేస్తే 37, మేడమ్.

పొద్దున అయోమయం లేదు. మోకాళ్ల నొప్పి మాత్రం ఉంది, "నా నొప్పుల బిళ్ల ఎత్తుకుపోయావు" అని నన్ను తిడుతోంది. ఆర్‌ఎంపీ గారింటికి మనిషిని కూడా పంపింది.

నిద్ర బిళ్ల రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గించమన్నారు. ఇప్పుడు 0.25కి రావాలి. 0.5 బిళ్లని కత్తిపీటతో రెండు ముక్కలు చేస్తే ఒకటి పెద్దది, ఒకటి పిండి అవుతోంది. ఏం చెయ్యాలి సర్?

---

మందుల_కొట్టు | శనివారం, సాయంత్రం 5:45

కత్తిపీట ఎందుకమ్మా, 0.25 బిళ్లలే దొరుకుతాయి. చీటీ మీద డాక్టర్ గారి చేత 0.25 అని రాయించండి, అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు, రిజిస్టర్‌లో రాసుకుంటారు. మిగిలిన 0.5 స్ట్రిప్పు కవరులో వదలొద్దు. ఆవిడకి రంగు తెలుసు.

---

టీచరమ్మ | శనివారం, రాత్రి 8:15

37 కాదు, 36.6. వైవాలో దశాంశం కూడా చెప్పు. మోకాళ్లకి తొడ కండరాల వ్యాయామం మొదలుపెట్టించు, కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టడం, రోజుకి రెండు పూటలా.

---

చిట్టి_సిస్టర్ | శనివారం, రాత్రి 8:20

చేయిస్తున్నాను మేడమ్. ఏడు లెక్కపెట్టి పది అంటోంది.